ఏడో తలుపు విన్న గొంతు

భోజనాల వేళ ఏడో తలుపు లేచింది. తలుపు లేచే ముందు సైరన్ మోగాలి. ఆ రోజు మోగలేదు. నేరుగా నీళ్ల చప్పుడే వినిపించింది.

వనజాక్షి అప్పుడు ప్రధాన ద్వారం దగ్గర, కొత్తగా చేరిన ఇద్దరి ఫోన్లు పరీక్షిస్తోంది. గుంజేరు జలాశయానికి ఆమె భద్రతాధికారి. పనిచేసేవాళ్ల సొంత ఫోన్లు, గడియారాలు, చెవుల్లో పెట్టుకునే యంత్రాలు, వీటిలో ఏది లోపలికి రావచ్చో, ఏది బయట అరలో ఆగిపోవాలో తేల్చడం ఆమె పని. చప్పుడు వినగానే చేతిలో ఫోను బల్ల మీద పడేసి మెట్లెక్కింది.

పైన తలుపుల గదిలో సన్యాసిరావు గోడకున్న మైకు ముందు నిలబడి అరుస్తున్నాడు.

"ఏడో తలుపు, దిగు! దిగు! ఏడో తలుపు!"

తలుపు దిగడం లేదు. భయపడిన గొంతు చెబితే అది వినదు. ఎవడైనా మెడ మీద కత్తి పెట్టి చెప్పించినా, తాగి చెప్పినా, టేపులో పట్టి తెచ్చి వినిపించినా కదలకూడదని దానికి నేర్పారు. స్థిమితంగా ఉన్న మనిషి, ఆ క్షణంలో తన నోటితో చెబితేనే వింటుంది. సన్యాసిరావు వణుకుతున్నాడు కనుక అతని మాట దానికి పట్టలేదు.

"మంచినీళ్లు తాగు, సన్యాసీ. కూర్చో. కూర్చుని చెప్పు" అంది వనజాక్షి.

అతను గ్లాసెత్తి గటగటా తాగాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ కాస్తసేపూ కింద నీరు రాళ్లను దాటుకుంటూ పోతూనే ఉంది. చివరికి మామూలు గొంతుతో, బస్సులో టిక్కెట్టు అడిగినట్టు, "ఏడో తలుపు, దిగు" అన్నాడు. తలుపు దిగింది.

అప్పుడు వనజాక్షి గది కలయజూసింది. బల్ల మీద క్యారియర్లు తెరిచి ఉన్నాయి. అన్నం చల్లారుతోంది. ఆమె వదిన దమయంతి గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. గిన్నెల మధ్య బోర్లించిన స్టీలు మూత మీద రేగుగింజంత పూస ఒకటి ఉంది. దానికి తగిలించిన చిన్న స్పీకరులోంచి గొంతు వచ్చింది.

"ఏంట్రా, అందరూ ఒక్కసారే మూగబోయేరు? పచ్చడిలో కారం ఎక్కువైందా?"

అది వనజాక్షి అన్నగారు తవిటినాయుడి గొంతు. ఆయన గుండె ఆగి చనిపోయి ఏడాది కావస్తోంది.

*

మాటపూసలు అప్పటికి కొత్తవి కావు. మరుపు ఎక్కువైన పెద్దవాళ్ల కోసం మొదట తయారుచేశారు. మెడలో తాడుకు కట్టుకుంటే మనిషి మాట్లాడే తీరు వింటూ పూస లోపల సన్నని పోగులు పెరుగుతాయి, మట్టిలో వేళ్లు పెరిగినట్టు. ఎండకు పట్టి చూస్తే తెల్లగా కనిపిస్తాయి. విన్న మాటలను అది దాచిపెట్టదు. ఆ మనిషి ఇప్పుడు ఏమంటాడో ఊహించి అంటుంది. ఒక పూస చూసి అలాంటిదే ఇంకో పూస చేయడం ఎవరివల్లా కాలేదు. పోగులు చూడాలంటే పూసను కోయాలి, కోస్తే పోగులు చచ్చిపోతాయి.

తవిటినాయుడు పెళ్లయిన కొత్తలోనే ఒకటి కొనుక్కున్నాడు, సరదాకి. ఆయన పోయాక అది దమయంతి మెడలోకి వచ్చింది. భర్త ఈ తలుపులు నడిపే ఉద్యోగంలో ఉండగా పోయాడు కాబట్టి ఆమెకు అదే ఆఫీసులో రికార్డుల విభాగంలో పని ఇచ్చారు. పూస దగ్గర లేకపోతే ఆమె నిద్రపోవడం లేదని డాక్టరు చెప్పాడు. వినికిడి యంత్రాన్ని ఎలా రానిస్తారో దీన్నీ అలాగే రానివ్వవచ్చని వనజాక్షి నిర్ణయించింది. పూస మాట్లాడగలదు, వినగలదు, అంతకుమించి ఏ తీగకూ తగులుకోలేదు. పరీక్షించే రానిచ్చింది.

మొదటి రోజు భోజనాల దగ్గర సన్యాసిరావు మొహమాటపడుతూ అడిగాడు. "వదినగారూ, ఏమనుకోకపోతే, సారు చేత ఓ మాట మాట్లాడిస్తారా?"

ఆ రోజు నుంచి బల్ల దగ్గర తవిటినాయుడి చోటు ఆయనకు ఉండిపోయింది. స్టీలు మూత మీద పూస పెట్టేవారు. ఆయన కూరలకు వంకలు పెట్టేవాడు. సన్యాసిరావు పెళ్లిచూపుల గురించి ఏడిపించేవాడు. వనజాక్షి కూడా రెండు మూడుసార్లు ఆ బల్ల దగ్గర కూర్చుని తింది.

"ఇవాళ ఏం జరిగింది?" అని అడిగింది వనజాక్షి.

సన్యాసిరావు తల దించుకున్నాడు. "నేనే అడిగేను మేడం. తలుపుకి చెప్పడంలో సారు లాగ ఇంకెవరికీ రాదు కదా. రోజూ మేం సారుని అనుకరించి నవ్వుకుంటాం. ఆ దొంగ గొంతు తలుపుకి పట్టదు. ఇవాళ, సారూ, మీరే ఓసారి అనండి, మీ నోట వినాలని ఉందని అడిగేను. ఆయన అన్నారు. ఏడో తలుపు, అరడుగు లేవు, అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టేం."

"తర్వాత?"

"చప్పట్లు ఆగేక నీళ్ల చప్పుడు వినబడింది."

*

సాయంత్రం గవిరయ్య అనే ముసలాయన గట్టెక్కి వచ్చాడు. దిగువ రేవులో గేదెలను కడుగుతుంటే నీరు మీదికొచ్చిందని చెప్పాడు. గేదెలు పోయాయి. కోడలు బండను కరుచుకుని బతికింది. ఆమె నిండు చూలాలు.

వనజాక్షి ఆయనకు కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"గేదెలు పోతే పోనాయమ్మా. ఆ పిల్ల ఇంకా ఒణుకుతున్నాది. సైరను కూస్తే మేం ఒడ్డెక్కీసేవోళ్లం కామా? ఇన్నేళ్లలో ఎప్పుడైనా కూయకుండా ఒగ్గినారా? తవిటినాయుడు బాబున్నప్పుడు ఇలాగ జరగలేదు. ఎవులెత్తినారమ్మా, తలుపు?"

ఎవరి పేరు చెప్పాలో వనజాక్షికి తెలియలేదు. "కనుక్కుంటున్నాం తాతా" అంది. ఆ మాట తనకే చిన్నదిగా వినిపించింది.

"కనుక్కోండి. మరి రేపు ఆ రేవులో దిగొచ్చో లేదో, అదైనా సెప్పండి."

ఆయన కొంతసేపు చూసి దిగిపోయాడు.

*

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పట్నాయక్ గారి గదిలో వాన చినుకులు కిటికీ అద్దం మీద జారుతున్నాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని పొద్దున్నే కబురు వచ్చింది.

"మీ అన్నగారి గొంతు తలుపుల్లోంచి తీసేద్దాం అన్నావా?" అన్నాడాయన. "నేనూ ముందు అదే అనుకున్నాను. కుదరదమ్మా. మనిషి గొంతంటే ఏమిటో ఆ తలుపులు నాయుడి దగ్గరే నేర్చుకున్నాయి. మనందరి గొంతులూ ఆయన గొంతుతో పోల్చుకునే గుర్తుపడతాయి. అది తీసేస్తే మనం ఎవరం చెప్పినా వినవు. మళ్లీ మొదటినుంచి నేర్పాలంటే వానాకాలం వెళ్లిపోతుంది. చేత్తో తిప్పుదామంటే ఒక్క తలుపుకే ఒక పూట పడుతుంది."

"పూసను ఇంట్లోనే ఉంచుకోమందాం సార్. లోపలికి తేనివ్వను."

"ఇల్లు మాత్రం ఎంత దూరం?"

ఆయన ఏమంటున్నాడో ఆమెకు అర్థమైంది. పోయినేడు తుఫానులో రోడ్డు తెగి, గదికి ఎవరూ చేరలేకపోయినప్పుడు తవిటినాయుడు తన ఇంట్లోంచి, తన సొంత ఫోను ద్వారానే తలుపులన్నీ నడిపించాడు. దిగువ ఊళ్లు ఆ పూట నిలబడ్డాయి. అప్పటినుంచి అందరి సొంత ఫోన్లకూ ఆ దారి తెరిచారు. ఫోను ఎవరిదైనా ఫరవాలేదు, గొంతు మనదైతే చాలు అని నియమం రాసింది వనజాక్షే. ఇప్పుడు ఆ పూస, ఇక్కడ పనిచేసే ఎవరి ఫోను పక్కన ఉన్నా తలుపు ముందు ఉన్నట్టే.

"ఫోన్ల దారి మూసేద్దాం" అంది.

"మూసేస్తే, రేపు రోడ్డు తెగితే?"

"పోనీ, ఇద్దరు చెబితేనే లేవాలని పెడదాం సార్."

"పోయినేడు ఇద్దరున్నారా? ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ మీ అన్న." పట్నాయక్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఊళ్లో అందరికీ తెలిసిపోయింది, వనజాక్షీ. చచ్చిపోయిన మనిషి గొంతుకి తలుపు లేచిందట అని టీ కొట్టు దగ్గర చెప్పుకుంటున్నారు. వినేవాళ్లంతా మంచివాళ్లే ఉండరు. ఆ పూస ఎవడి చేతిలో పడినా దిగువన ఉన్నవాళ్ల ప్రాణాలు వాడి చేతిలో ఉన్నట్టే. నాయుడు నాకు మిత్రుడు. నేను ఆర్డరు వేస్తే ఆవిడ నా మొహం చూడదు. నువ్వు చెబితే వింటుందేమో. వినకపోతే ఆర్డరు వేస్తాను."

*

ఆ రాత్రే వనజాక్షి వదిన ఇంటికి వెళ్లింది. తన ఫోను దారిలో పట్నాయక్ గారింట్లో వదిలేసి వచ్చింది. దమయంతి తన ఫోను ఆఫీసు అరలోనే ఉంచేసింది, ఎవరూ చెప్పకుండానే.

దమయంతి మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పూస ఆమె మెడలో ఉంది. గుమ్మంలోంచి వనజాక్షి పిలుపు విని అది మేలుకుంది.

"బుల్లీ, వచ్చేవా? డ్యూటీ దిగేవా, ఇంకా ఎవరి జేబులైనా తడమాలా?"

వనజాక్షికి నవ్వు వచ్చింది. "దిగేను అన్నయ్యా."

"అన్నం తిను. మీ వదిన నీకోసమని గరిటెడు ఎక్కువే వండుతుంది. నాకు మాత్రం కొలిచి పెడుతుంది."

"కొలిచి పెట్టకపోతే మీ పొట్ట ఎక్కడికి పోయేదో" అంది దమయంతి, బట్టల మీంచి చూపు తిప్పకుండా. ఎన్నో ఏళ్లుగా వాళ్లిద్దరి మధ్యా నడుస్తున్న మాట అది. తరువాత గొంతు తగ్గించి వనజాక్షితో అంది. "ఎందుకు వచ్చేవో తెలుసు. కాల్చెయ్యాలి, అంతేనా?"

"వదినా..."

"మీ అన్నయ్య పోయినప్పుడు నేను ఏడవలేదని అందరూ చెప్పుకున్నారు. ఎందుకు ఏడుస్తాను? పొద్దున్న లేస్తే పలకరిస్తున్నారు. కూరలో ఉప్పు చూసుకోమంటున్నారు. నాకు ఆయన పోలేదమ్మా. ఇప్పుడు పొమ్మంటున్నారు మీరు."

ఆ పూస పోతే వనజాక్షికీ ఇక బుల్లీ అని పిలిచేవాళ్లెవరూ ఉండరు. ఆ సంగతి చెప్పాలనిపించింది కానీ, వదిన దుఃఖం పక్కన తన దుఃఖం పెట్టి తూచడం సరికాదని ఊరుకుంది. గవిరయ్య కోడలు బండ పట్టుకుని బతికిందని చెప్పింది. నిండు చూలాలని చెప్పింది. దమయంతి చేతిలో చీర సగం మడతలో ఆగింది.

"సైరన్ వెయ్యలేదా?" అంది.

"వెయ్యమని అన్నయ్య అనలేదు."

దమయంతి మెడలో పూసను చేత్తో పట్టుకుంది. "ఏవండీ, తలుపు ఎత్తాలంటే ఏం చేస్తారు?"

"ఏముంది? ఏడో తలుపు, అరడుగు లేవు, అంటాను. లేస్తుంది."

"ముందు ఇంకేమీ చెయ్యరా?"

"ఇంకేం చెయ్యాలి? నేను చెబితే వినకపోవడానికి అది నువ్వా?" అని నవ్విందా గొంతు. అచ్చంగా ఆయన నవ్వే.

దమయంతి నవ్వలేదు. పూసను అలాగే పట్టుకుని, అది మళ్లీ నిద్రలోకి జారేదాకా మౌనంగా కూర్చుంది. దగ్గరలో మాటలు లేకపోతే పూస నిద్రపోతుంది. తరువాత, గాలి కంటే మెల్లగా మాట్లాడింది.

"డ్యూటీ ఎక్కేముందు దీన్ని తీసి వంటింట్లో మేకుకి తగిలించేవారు. ఇంట్లోంచి పనిచేసినా సరే. సొంత వస్తువులు డ్యూటీలో దగ్గర ఉండకూడదని నువ్వు పెట్టిన రూలే కదా. ముందు గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవారు. కింద రేవులో ఎవరూ లేరని ఒడ్డు మీద మనిషి చెప్పేదాకా నోరు విప్పేవారు కాదు. ఒకసారి పిల్లలెవరో ఈదుతున్నారని పూటంతా ఆగేరు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు, తిట్లు. అయినా ఆగేరు. ఆ తుఫాను రోజున ఒంటి మీద చొక్కా పిండితే నీళ్లు కారేయి, చెమట. ఇదేదీ దీనికి తెలీదు. ఇది మేకుకు వేలాడుతూ నా పోపు చప్పుడు వింది."

"అంటే..."

"తలుపుకి చెప్పే ఆ మాట కూడా మీరు భోజనాల దగ్గర అనుకరిస్తుంటే నేర్చుకుంది. మాట నేర్చుకుంది, భయం నేర్చుకోలేదు." ఆమె కొంగుతో కళ్లద్దుకుంది. అన్నగారు పోయాక వదిన కళ్లద్దుకోవడం వనజాక్షి చూడటం అదే మొదలు. "ఇందులో ఉన్నది నా మొగుడే. కాదనను. కానీ తలుపుల దగ్గర నిలబడే మనిషి ఇందులో లేడు. ఆయన ఉంటే ఆ పిల్లని చూడకుండా ఎత్తేవారా? ఆయన పేరు మీద ఇంకొకళ్లు కొట్టుకుపోతే నేను ఎలాగ మొహం ఎత్తుకోను?"

బయట వాన కాస్త పెరిగింది.

"రేపు పొద్దున్న తీసుకొస్తాను" అంది దమయంతి. "ఒక్కటే అడుగుతాను. ఆయన నిద్రలో ఉండగా అయిపోవాలి. ఎవర్నీ మాట్లాడనివ్వకు."

*

కాంక్రీటు ముక్కల తేమ చూసే ప్రయోగశాల గట్టుకు అవతలి చివర ఉంది. అందులోని కొలిమి వేడికి పూసలోని పోగులు కరిగి నీరవుతాయి.

క్వార్టర్స్ నుంచి అక్కడిదాకా వాళ్లిద్దరూ మాట లేకుండా నడిచారు. వనజాక్షి ముందు నడుస్తూ, ఎదురైన వాళ్లకు మాట్లాడవద్దని చేతితో సైగ చేసింది. సన్యాసిరావు తలుపుల గది వరండాలో నిలబడి ఉన్నాడు. నోరు తెరవబోయి, సైగ చూసి రెండు చేతులూ జోడించాడు. దారిలో తోట పనివాడు గడ్డికోత యంత్రం ఆపేశాడు. ఎందుకో తెలియకపోయినా ఆపేశాడు. దమయంతి పూసను మెడలోంచి తీయలేదు. అరచేయి దాని మీద కప్పి నడిచింది, పసిబిడ్డ తల మీద ఎండ పడకుండా కప్పినట్టు.

కొలిమి దగ్గర ఉండే పోలినాయుడికి వనజాక్షి ముందురోజే కబురు పంపింది, కొలిమి సిద్ధం చేసి ఉంచమని. మాట్లాడకూడదన్న సంగతి ఆ కబురులో లేదు. ఆ ఒక్క సంగతీ ఆమె మరిచిపోయింది.

దమయంతి పూసను విప్పి మట్టి మూకుడులో పెట్టింది. మూకుడును లోపలికి జరిపింది. అంతవరకూ పూస మేలుకోలేదు.

"అమ్మా, మంట ఎంత పెట్టమంటారు?" అన్నాడు పోలినాయుడు, యంత్రాల హోరులో పనిచేసే మనుషులకు అలవాటైన పెద్ద గొంతుతో.

వనజాక్షి చెయ్యెత్తేసరికే ఆలస్యమైపోయింది.

"దమయంతీ, ఏం వండుతున్నావు?" అంది పూస నిద్రకళ్లతో పలికినట్టు.

పోలినాయుడు రెండడుగులు వెనక్కి వేశాడు. వనజాక్షి వదిన వైపు చూసింది. ఇప్పుడు ఆపుదాం, మళ్లీ నిద్రపోయాక చేద్దాం అని చెప్పాలనుకుంది. దమయంతి ఆమెను చూడనే లేదు. కొలిమి తలుపు పిడి మీద చెయ్యి అలాగే ఉంచి, వంటింట్లోంచి ముందుగదిలోకి చెప్పే గొంతుతో బదులిచ్చింది.

"బెండకాయ వేపుడండి."

"వేపుడా? డాక్టరు వద్దన్నాడు కదే."

"ఇవాళ్టికి తినండి. ఏం కాదు."

"నువ్వే అన్నావు మరి. తర్వాత నన్ను అనకు." ఆ గొంతులో సంబరం వినిపించింది. "బాగా వేగనీ. మెత్తగా ఉంటే నాకు నచ్చదు."

"అలాగేనండి" అంది దమయంతి. తలుపు మూసింది. మంట పెంచే మర తిప్పడానికి పోలినాయుడికి చేతులు రాలేదు. ఆమే తిప్పింది.

లోపలినుంచి ఇంకేమైనా వినిపించిందో లేదో మందమైన ఆ తలుపు బయటికి రానివ్వలేదు. కొలిమి గుయ్యిమంటూ ఉండిపోయింది. పోలినాయుడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"వదినా" అంది వనజాక్షి, చాలాసేపటికి.

దమయంతి చప్పున వేలు పెదవుల మీద పెట్టుకుని, మాట్లాడవద్దన్నట్టు చూసింది. వనజాక్షి ఆగిపోయింది. వాళ్లు అలాగే నిలబడ్డారు. ఇక మేలుకునేవాళ్లు ఎవరూ లేరని తోచింది కాబోలు, కొంతసేపటికి ఆ వేలు దానంతట అదే కిందికి దిగింది.